ఆర్యపల్లిలో నేర్చుకున్న రంగం భాష

ముప్పై నాలుగేళ్ళు నిండాక నేను బర్మా భాష నేర్చుకున్నాను. బరంపురంలో మా వీధిలోనే ఈ మధ్య ఇద్దరు ముగ్గురు జర్మనీకనీ రష్యాకనీ ప్రయాణాలు పెట్టుకుని, గ్రామఫోను రికార్డుల మీద పాఠాలు వింటున్నారు. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే, పాఠం చెప్పే దొర గొంతూ, వెనకాలే మన పిల్లల గొంతూ వినిపిస్తాయి. అందులో ఒకాయన మొన్న వచ్చి, "పెద్దయ్యాక భాష పట్టుబడుతుందాండీ? మీరేదో నేర్చుకున్నారట కదా, కిటుకులేవైనా ఉంటే చెప్పండి" అన్నాడు. పట్టుబడుతుంది. కిటుకులూ ఉన్నాయి. అయితే అవన్నీ ఒక మనిషితో ముడిపడి ఉన్నాయి. ఆవిణ్ణి పక్కన పెట్టి చెప్పడం నాకు చేతకాదు. అందుకని జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

అప్పట్లో మా గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో ఉండేది. గోపాల్పూరు రేవుకి రంగూన్ స్టీమర్లు వచ్చేవి. మా వైపు వాళ్ళు రంగూన్ అనరు, రంగం అంటారు. పంటలు సరిగా లేని ఏడు ఊళ్ళకి ఊళ్ళు రంగం పోయేవి, బియ్యం మిల్లుల్లో బస్తాలు మొయ్యడానికి. స్టీమరు ఒడ్డుదాకా రాలేకపోయేది. దూరంగా నడిసముద్రంలో నిలబడేది. జనాన్ని మసూలా పడవల్లో కెరటాలు దాటించి ఎక్కించేవారు. ఆ స్టీమరు ఏజెంటు ఆఫీసులో నేను గుమాస్తాని.

ఒక రోజు మా దొర నన్నూ, నా పక్క బల్ల గుమాస్తానీ పిలిచాడు. రంగూన్ ఆఫీసులో మనవాళ్ళ రాకపోకలు చూడడానికి ఒక మనిషి కావాలట. ఆ సీజనుకి మాత్రమే. తెలుగూ ఒడియా వచ్చి ఉండాలి, బర్మా భాష కూడా రావాలి. ఎవరు ముందు నేర్చుకుంటే వాళ్ళని పంపిస్తానన్నాడు. ఇద్దరికీ చెరొక వ్యాకరణ పుస్తకం ఇచ్చాడు.

నా పక్క బల్లాయన నాకంటే చిన్నవాడు, చురుకైనవాడు. ఒడియా ఆయన. పుస్తకాన్ని పద్యం కంఠస్థం చేసినట్టు చేసేశాడు. నేనూ కూర్చున్నాను. పొద్దున్న చదివింది సాయంత్రానికి ఉండేది కాదు. పైగా నాకు అంతకు ముందు ఏ భాషా నేర్చుకున్న గుర్తే లేదు. తెలుగు ఇంట్లో వచ్చింది. ఒడియా వీధిలో ఆడుకుంటూ, దెబ్బలాడుకుంటూ వచ్చేసింది. ఇంగ్లీషు బెత్తం దెబ్బలతో వచ్చింది. కూర్చుని, కావాలని, ఒక భాషని లోపలికి రమ్మని బతిమాలడం అదే మొదలు.

దగ్గరి బెస్తపల్లె ఆర్యపల్లి నుంచి కొందరు ఆడవాళ్ళు స్టీమరు రోజున ఎండుచేపలు తెచ్చి ప్రయాణికులకి అమ్మేవారు. వాళ్ళలో ఒకామెని పడవవాళ్ళు 'రంగం కోడలు' అనేవారు. అందరిలాగే చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, నెత్తిన తట్ట పెట్టుకుని వచ్చేది. మొహం మాత్రం వేరు. రంగంలో మిల్లు పనికి వెళ్ళిన ఆర్యపల్లి కుర్రవాడు ఆమెని పెళ్ళి చేసుకుని తీసుకొచ్చాడు. వచ్చిన కొన్నాళ్ళకే గాలివానలో పడవతో సహా పోయాడు. అప్పటినుంచి అత్తగారూ ఆమే ఉంటున్నారు. ఇవన్నీ పడవవాళ్ళే చెప్పారు.

ఒకనాడు ధైర్యం చేసి ఆమె దగ్గరికి వెళ్ళి, పుస్తకంలో ఉన్న మొదటి వాక్యం అన్నాను. అన్నం తిన్నావా అని అర్థం. "థమంగ్ చా ప్రీ ప్రీ లా."

ఆమె తలెత్తి చూసి, "ఏటి బాబూ? ఏ సేప కావాలి?" అంది.

మళ్ళీ అన్నాను. నాకు తెలిసిన తప్పేమీ అందులో లేదు. తెలుగువాళ్ళం కదా, రాసినది రాసినట్టే చదువుతాం. బర్మా భాష అలా కాదని పుస్తకం ఎక్కడో మూల చెప్పే ఉంటుంది.

"పీకలో ముల్లు గుచ్చుకున్నాదేటి?" అని నవ్వబోయింది. నవ్వు మధ్యలో ఆగిపోయింది. పెదవులు కదిలాయి. నెమ్మదిగా, ఎవరికీ వినబడకూడదన్నట్టు, "తమిన్ సా పీ బీ లా" అంది. అన్నాక ఇసకలో కూలబడిపోయింది. కాసేపటికి తేరుకుని, "ఆ మాట నన్నెవులూ అడగనేదు బాబూ. ఇక్కడికి ఒచ్చినకాడినుండీ ఎవులూ అడగనేదు" అంది.

అన్నం తిన్నావా అని ఆమెని అత్తగారు రోజూ అడిగేది. ఆమె చెబుతున్నది ఆ అన్నం సంగతి కాదు.

ఆ తరవాత నేను ప్రతి ఆదివారం సైకిలు మీద ఆర్యపల్లి వెళ్ళేవాణ్ణి. అత్తగారు గుమ్మంలో కూర్చుని చిరిగిన వల అల్లుతూ ఉండేది. కోడలు ఎండలో చేపలు తిరగేస్తూ ఉండేది. నేను చేతిలో పుస్తకం పట్టుకుని ఆమె వెనకాల నడిచేవాణ్ణి. మొదటి రోజే పుస్తకం లాక్కుని గుడిసె చూరులో దోపేసింది. "అది సూసి మాటాడితే మా అమ్మ కూడా నీకు బదులు సెప్పదు" అంది.

మీకు చెప్పదలచుకున్న మొదటి సంగతి ఇదే. పుస్తకం వద్దనను. చెవికి అలవాటైన తరవాత తీయండి. ముందే తీస్తే కన్ను చెవికి అబద్ధం చెబుతుంది.

మన ఓనమాల్లో ఙ అనే అక్షరం ఉంది. చిన్నప్పుడు దిద్దించారు, ఆ తరవాత బతుకులో ఎక్కడా పని పడలేదు. బర్మా వాళ్ళు దానితోనే మాట మొదలు పెడతారు. చేపని ఙా అంటారు. నేను అనే మాటా ఙాయే. ఒకటి సాగదీసి అనాలి, ఒకటి దించి అనాలి. నేను చాలా వారాలు, నేను గుమాస్తాని అనబోయి, గంభీరంగా 'చేప గుమాస్తా' అంటూ ఉండేవాణ్ణట. ఆమె దిద్దకుండా వినేది. ఒకనాడు నవ్వాపుకోలేక అత్తగారికి చెప్పేసింది. ఆవిడ వల కింద పెట్టి, "బాబూ, నిన్ను కూడా ఎండలో ఆరబెట్టీమంతావేటి?" అంది.

ఆ రాగాలు పుస్తకంలో గీతలతో, చుక్కలతో చూపించారు. ఆమె చెప్పిన పద్ధతి వేరు. "ఇది, పక్కింటి మనిసిని కేకేసినట్టు సాగదియ్యి. ఇది, నిద్దరొచ్చినట్టు దించెయ్యి. ఇది, కాలిన పెనం ముట్టుకున్నట్టు టక్కున కోసెయ్యి." నలభై ఏళ్ళు దాటిపోయినా ఆ మూడు నా గొంతులో ఇంకా ఉన్నాయి. భాష నేర్చుకునేవాళ్ళు సిగ్గు వదిలెయ్యాలి. నా పక్క బల్లాయనకి నాకంటే పదింతలు మాటలు వచ్చు. తప్పు పోతుందేమోనని ఒక్కటీ పైకి అనేవాడు కాదు. నేను చేపనైనా సరే పైకి అనేవాణ్ణి.

ఇంకో సంగతి. పాఠంలా కూర్చుని నేర్చుకున్నది నాకు నిలవలేదు. ఉప్పు చల్లుతూ ఉప్పు అన్నప్పుడు నిలిచింది. కాకిని తోలుతూ 'పో' అన్నప్పుడు నిలిచింది. ఇంటికి వచ్చేసరికి నా బట్టలు ఎండుచేపల కంపు కొట్టేవి. మా ఆవిడ ముక్కు మూసుకుని పెరటి తలుపు తీసేది. "భాష నేర్చుకోవడానికి వెళ్ళారో, చేపలు పట్టడానికి వెళ్ళారో" అనేది. అయినా నేను ఆ రోజు నేర్చుకున్న మాటలు చెబుతుంటే, బావి దగ్గర నిలబడి వినేది.

ఒక ఆదివారం ఉన్నట్టుండి వాన వచ్చింది. చేపలన్నీ ఎత్తి లోపల పెట్టాం. నేను గొడుగు విప్పుతూ, దీన్ని మీవాళ్ళు ఏమంటారని అడిగాను. ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. గొడుగు వైపు చూసింది, నా వైపు చూసింది. "ఉండు" అంది. కళ్ళు మూసుకుంది. "ఉండు బాబూ" అని మళ్ళీ అంది.

"పోనీలే, వచ్చే వారం చెబుదువుగాని" అన్నాను.

"పోనీలే అనకు." ఆమె గొంతు మారిపోయింది. "మా ఊల్లో వాన పడని రోజుండదు. గొడుగు నేకుండా మాయమ్మ గడప దాటదు. ఆ మాట ఎలాగ పోనాది? ఇయ్యాల గొడుగు మర్సిపోనాను. రేపు మాయమ్మ పేరు మర్సిపోతానేటి?"

అత్తగారు లేచి వచ్చి కోడలి భుజం మీద చెయ్యి వేసింది. నేను గొడుగు మడిచేసి వానలోనే సైకిలెక్కాను.

తరవాతి రెండు ఆదివారాలూ ఆమె పరధ్యానంగా ఉంది. ఆ తరవాత స్టీమరు రోజున, రేవంతా జనంతో కిటకిటలాడుతుంటే, దూరాన్నుంచి తట్ట పట్టుకుని పరిగెత్తుకు వచ్చింది. "థీ! బాబూ, థీ!" అని అరిచింది. పడవవాళ్ళు ఏమైందోనని తిరిగి చూశారు. గొడుగుని బర్మా భాషలో థీ అంటారు. చేప కడుగుతుంటే దానంతటదే నోటికొచ్చిందట.

ఆ రోజు నుంచి పాఠం తీరు మారింది. అంతవరకు నాకు కావాలి కాబట్టి చెప్పింది. ఇప్పుడు తనకి కావాలి. నేను వెళ్ళేసరికి గుమ్మంలో సిద్ధంగా ఉండి, వారమంతా గుర్తొచ్చిన మాటలు నా మీద కుమ్మరించేది. వాళ్ళ నది ఒడ్డు, చుట్టలు చుట్టే వాళ్ళమ్మ, మిల్లు ఊక వాసన, ఊకలో కోళ్ళు, అన్నీ బర్మా భాషలోనే. నాకు సగం అర్థమయ్యేది, సగం అయ్యేది కాదు. ఆపి అడిగేవాణ్ణి కాదు. వినగా వినగా ఆ సగం కూడా ఒక రోజు దానంతటదే విచ్చుకుంటుంది. భాష మీద బెంగ పెట్టుకున్న మనిషి మీకు దొరికితే, అంతకంటే గొప్ప బడి ఉండదు. చెప్పడానికి వాళ్ళకెంత ఆకలి ఉంటుందో, వినడానికి మీకంత ఓపిక ఉంటే చాలు.

దొర మమ్మల్నిద్దరినీ పరీక్షించే రోజు వచ్చింది. స్టీమరులో వచ్చిన ఒక బర్మా కలప వర్తకుణ్ణి దొర ఆఫీసుకి తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. ముందు నా పక్క బల్లాయన మాట్లాడాడు. వాక్యం ముగిసేదాకా వర్తకుడు మర్యాదగా విని, ఇది ఏ భాషండీ అని దొరని ఇంగ్లీషులో అడిగాడు. తరవాత నేను మొదలు పెట్టాను. ప్రయాణం బాగా జరిగిందా, అన్నం తిన్నారా, సముద్రం పోటు మీదుందా అని అడిగాను. వర్తకుడు మొదట ఆశ్చర్యపోయాడు. తరవాత చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. చివరికి కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

సంగతేమిటంటే, ఆ భాషలో మగవాళ్ళు మర్యాదకి అనే మాట ఒకటి, ఆడవాళ్ళు అనేది ఇంకొకటి. మర్యాదగా 'నేను' అనడం కూడా వేరే. మీసాలున్న గుమాస్తా ఒకడు అచ్చం ఆడపిల్లలా, వాక్యం చివర 'షిన్', 'షిన్' అంటూ మాట్లాడాడు.

"మా చెల్లెలు మాట్లాడినట్టుంది" అన్నాడు వర్తకుడు. దొరకి మాత్రం, "ఇతన్ని పంపండి. ఇతను చెబితే మావాళ్ళు నవ్వుతారు గాని, అర్థం చేసుకుంటారు" అన్నాడు. మగవాళ్ళ మాటలు నాకు అక్కడే నేర్పి వెళ్ళాడు. నా పక్క బల్లాయన ఆ సాయంత్రం నాకు కాఫీ ఇప్పించి, "రంగూన్‌లో చీర కట్టుకోకు" అన్నాడు. మంచి మనసున్న మనిషి.

బయల్దేరే ముందు ఆర్యపల్లి వెళ్ళాను. వాళ్ళమ్మ ఇంటి గుర్తులు చెప్పింది. ఏమని చెప్పమంటావని అడిగాను.

"ఏళకి తింటన్నానని సెప్పు. అత్త మంచిదని సెప్పు. తది యా దే అని సెప్పు."

జ్ఞాపకం వస్తున్నావు అనడానికీ, నీ మీద బెంగగా ఉంది అనడానికీ వాళ్ళకి అదొక్కటే మాట.

రంగూన్‌లో మొదటి సెలవు రోజునే వెతుక్కుంటూ వెళ్ళాను. మిల్లుల వెనక సందులో, కర్రల మీద నిలబెట్టిన ఇల్లు. ముసలావిడ వాకిట్లో కూర్చుని చుట్టలు చుడుతోంది. చెప్పులు విడిచి ముందు నిలబడ్డాను. కలప వర్తకుడు నేర్పిన మగవాళ్ళ మర్యాదలన్నీ దారి పొడుగునా వల్లె వేసుకుంటూ వచ్చాను. ఆవిణ్ణి చూడగానే అన్నీ ఎగిరిపోయాయి. నోటికి అలవాటైనదే వచ్చింది.

"తమిన్ సా పీ బీ లా, షిన్" అన్నాను.

ఆవిడ చేతిలో ఆకు ఆగిపోయింది. తలెత్తి నా మొహం చూడలేదు. చెవి నా వైపు తిప్పింది.

"ఇంకా మాట్లాడు" అంది.

వాన వచ్చేలా ఉంది, చుట్టలు తడుస్తాయి అన్నాను. ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు జారుతున్నాయి. "నా కూతురు నీకేమవుతుంది?" అని అడిగింది.

అప్పటికి నేను ఎవరి దగ్గర్నుంచి వచ్చానో చెప్పనే లేదు. ఆ దించడం, ఆ సాగదీయడం, మాట చివర కొంచెం తేలిపోవడం, అన్నీ ఆవిడ కూతురివి. నాకు తెలియకుండా నా గొంతులో ఆ అమ్మాయి గొంతు కూర్చుంది.

గురువు అన్నాను. కూతురు చెప్పమన్న మూడు మాటలూ చెప్పాను. అల్లుడు పోయిన సంగతి ఆవిడకి అప్పుడే తెలిసింది. నాకు అన్నం పెట్టింది. మాంసం, చేపలు నేను తిననంటే వట్టి చారూ అన్నం పెట్టింది. ఆ సీజనంతా సెలవు దొరికినప్పుడల్లా వెళ్ళి కూర్చునేవాణ్ణి. నేను ఏదో ఒకటి మాట్లాడుతుంటే చాలు, ఆవిడ చుట్టలు చుట్టుకుంటూ వినేది. ఒక్కోసారి నా మాట దిద్దబోయి, మళ్ళీ వద్దులే అన్నట్టు ఊరుకునేది.

తిరిగి వచ్చేటప్పుడు, మీ అమ్మాయికి ఏం చెప్పమంటారని అడిగాను.

"రమ్మని చెప్పకు" అంది. "అక్కడ ఇంకో తల్లి ఉందంటున్నావు కదా. అది గనక తనంతట అడిగితే మాత్రం, ఇల్లు ఇంకా ఇక్కడే ఉందని చెప్పు."

గోపాల్పూరులో దిగిన మరునాడే ఆర్యపల్లి వెళ్ళాను. అమ్మ బాగుందన్నాను. చూపు కాస్త తగ్గిందన్నాను. నా చేత అన్నం తినిపించిందన్నాను. కోడలు వింటోంది. అత్తగారూ వింటోంది. చివరికి కోడలు, తల వంచుకుని, బర్మా భాషలో అడిగింది. "మా ఇల్లు అక్కడే ఉందా?"

ఉందని చెప్పాను.

అత్తగారికి ఒక్క ముక్క తెలియదు. కోడలి మొహం చూసి అంతా తెలుసుకుంది. వల పక్కన పెట్టింది. "తెచ్చినోడు నా కొడుకు. ఆడే నేడు. ఉండమని నానెలాగంతాను?" అంది. వల మళ్ళీ ఒళ్ళోకి లాక్కుని, "ఎల్లి సూసి రా. మల్లీ రావాలనిపిస్తే రా. రాకపోయినా నానేటీ అనుకోను" అంది.

"నువ్వూ రా అత్తా" అంది కోడలు.

"నా కొడుకు ఈ సంద్రంలో ఉన్నాడు. ఆణ్ణొగ్గేసి నానెక్కడికొస్తాను?"

టిక్కెట్టు నేనే రాశాను. స్టీమరు వచ్చిన రోజున అత్తాకోడళ్ళు ఇద్దరూ ఆర్యపల్లి నుంచి కలిసి నడిచి వచ్చారు. ఏడవలేదు. అత్తగారు కోడలి కొంగున ఏదో కట్టింది, మళ్ళీ ముడి గట్టిగా ఉందో లేదో చూసింది. మసూలా పడవ కెరటం మీద లేచింది, పడింది, మళ్ళీ లేచింది. ఆమె పడవలో నిలబడి నా వైపు చెయ్యెత్తి ఏదో అంది. పాఠం చెప్పే భాషలోనే అందని పెదవులు చూస్తే తెలిసింది. కెరటాల హోరులో ఒక్క మాట కూడా నాకు అందలేదు.

కొన్నాళ్ళపాటు రంగం నుంచి వచ్చిన ప్రయాణికులు కబుర్లు చెప్పేవారు. చుట్టలు అమ్ముకుంటోందనీ, తల్లి ఉందనీ. తరవాత తల్లి పోయిందని విన్నాను. ఆ తరవాత యుద్ధం వచ్చింది. రంగం నుంచి కాలినడకన అడవులు దాటి వచ్చిన మనవాళ్ళని, దొరికిన ప్రతి మనిషినీ అడిగాను. ఎవరికీ తెలియలేదు. నాకొచ్చిన ఆ భాషలో నాతో మాట్లాడే మనిషి ఇప్పుడీ ఊళ్ళో లేరు. వాడకపోతే భాష పోతుందంటారు. అందుకని పొద్దున్న స్నానం చేస్తూ నాలో నేను మాట్లాడుకుంటాను. మగవాళ్ళ మాటలు చాలామటుకు పోయాయి. ఆడవాళ్ళ మాటలు పోలేదు.

ఆమె వెళ్ళిన తరవాతి ఆదివారం నా సైకిలు అలవాటు చొప్పున ఆర్యపల్లి దారి పట్టింది. సగం దూరం వెళ్ళాక గాని గుర్తు రాలేదు. అయినా వెనక్కి తిరగలేదు. అత్తగారు ఒక్కతే చేపలు తిరగేస్తోంది. నన్ను చూసి పీట వేసింది.

"బాబూ" అంది చేపలు తిరగేస్తూనే, "ఆ మాటలు ఓపాలి మాటాడు."

"నీకు అర్థం కావు కదమ్మా. ఏం మాట్లాడమంటావు?"

"ఏదో ఒకటి. అది వాగీది కదా, ఇంట్లో. ఇప్పుడు ఇల్లంతా సప్పుడు నేకుండా ఉన్నాది."

నేను మాట్లాడాను. సముద్రం గురించి, చేపల గురించి, దారిలో నా సైకిలు గొలుసు ఊడిన సంగతి గురించి. ఆవిడ చేతిపని ఆపకుండా, మధ్యమధ్య అర్థమైనట్టే ఊఁ కొడుతూ, చివరిదాకా వింది. ఎండ వాలాక నేను లేచాను.

"మల్లీ ఆదివారం వొస్తావా?" అంది.

వెళ్ళాను. ఆవిడ బతికున్నన్నాళ్ళూ వెళ్ళాను.